బాగా చేస్తుంది, కానీ వినదు: బాలల నాటకాల నుంచి వృత్తి నటనకు వచ్చిన ఒక నటి కేసు

చిన్నప్పటి నుంచి నాటకం క్లాసుల్లో, సెలవుల క్యాంపుల్లో, బాలల బృందాల్లో పెరిగి, పెద్దయ్యాక నటననే బతుకుతెరువు చేసుకోవాలని వచ్చేవాళ్లకు శిక్షణ ఇవ్వడం నా పనిలో ఎక్కువ భాగం. వీళ్లలో చాలామందికి డైలాగ్ తడబడదు, గొంతు చివరి వరుస దాకా వినిపిస్తుంది, స్టేజి భయం ఉండదు. అయినా ఆడిషన్లలో ఒక దశ దగ్గర ఆగిపోతుంటారు. ఎందుకు ఆగుతున్నారో వాళ్లకు తెలియదు, వెనక్కి పంపినవాళ్లు చెప్పరు. అలాంటి ఒకమ్మాయి కేసు ఇది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, బృందాల పేర్లు, చేసిన పాత్రలు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

ఏడేళ్ల వయసులో పిల్లల నాటక తరగతిలో చేరింది. తర్వాత స్కూలు నాటకాలు, కొంతకాలం డాన్స్, వక్తృత్వ పోటీలు, ప్రతి సెలవుల్లో ఒక క్యాంపు. టీనేజ్‌కి వచ్చేసరికి వారాంతాల్లో రిహార్సల్ చేసే ఒక యువ బృందంలో స్థిరపడింది. అక్కడ చిన్నపిల్లలకు ఆమే నేర్పేది. ఇంట్లో ఒక అల్మారా నిండా షీల్డులు, సర్టిఫికెట్లు. అమ్మానాన్నలు ఏనాడూ వద్దనలేదు, తోసిందీ లేదు. ఇలాంటి కేసుల్లో అందరూ ముందు తల్లిదండ్రుల వైపు వేలు చూపిస్తారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

పిల్లల నాటక కార్యక్రమాలు ఎలా నడుస్తాయో ఇక్కడ కాస్త చెప్పాలి. సమయం తక్కువ, పిల్లలు ఎక్కువ, చివర్లో పెద్దవాళ్ల ముందు ఒక ప్రదర్శన తప్పనిసరి. ఆ ఒత్తిడిలో టీచర్ దగ్గరుండే దారి ఒక్కటే: డైలాగ్ తాను అని వినిపించడం, పిల్లలచేత అలాగే అనిపించడం. "ఇక్కడ గొంతు పెంచు, ఇక్కడ ఆగు, ఇక్కడ చెయ్యి ఇలా" అంటూ నాటకమంతా కట్టేస్తారు. ప్రదర్శన రోజు టీచర్ సైడ్‌వింగ్‌లో, అంటే స్టేజి పక్కన తెర చాటున, నిలబడి పెదాలతో డైలాగులు అందిస్తుంటారు. పిల్లలు ప్రేక్షకుల వైపు తిరిగి మాట్లాడుతూనే, ఓ కన్ను ఆ వింగ్ మీద ఉంచుతారు.

దీన్ని నేను తప్పు పట్టడం లేదు. అంతమంది పిల్లలతో అన్ని రోజుల్లో వేరేలా చేయమంటే నాకూ కష్టమే. పైగా ఆమెకు అక్కడ దొరికినవి చిన్నవి కావు. టైమ్‌కి రావడం, క్యూ వదలకపోవడం, తన వంతు లేనప్పుడు తెర వెనక అల్లరి చేయకుండా సామాను అందించడం, పక్కవాడు డైలాగ్ మర్చిపోతే కంగారుపడకుండా కథ ముందుకు నడపడం. ఇవి లేని పెద్ద నటులతో పనిచేసినవాళ్లకు వీటి విలువ తెలుసు.

ఆ బృందంలో ఆమెకు ఇంకో బాధ్యత కూడా ఉండేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎవరికైనా జ్వరం వస్తే వాళ్ల పాత్ర ఈమెకే ఇచ్చేవారట. అందరి డైలాగులూ వచ్చేవి. మాటలు మాత్రమే కాదు, ఎవరి డైలాగ్ వాళ్ల గొంతులోనే అనగలిగేది. ఈ వివరం ముందే తెలిసి ఉంటే దారి కొంత దగ్గరయ్యేదేమో. ఇప్పుడు ఎవరొచ్చినా "చిన్నప్పుడు మీ బృందంలో మిమ్మల్ని దేనికి వాడుకునేవారు?" అని అడుగుతున్నాను. "ఏ పాత్రలు చేశారు?" అన్న ప్రశ్నకంటే ఇది ఎక్కువ చెబుతుంది.

వచ్చిన సమస్య

నా దగ్గరికి వచ్చేనాటికి ఆమెకు ఇరవై దాటి కొన్నేళ్లయింది. నాటకాలకు, సిరీస్‌లకు, ప్రకటనలకు ఆడిషన్లు ఇస్తూ ఏడాదికి పైగా గడిచింది. ఆమె తనకు తాను చెప్పుకున్న కారణం, "నాకు ఎమోషన్ లోపల నుంచి రావడం లేదు మేడమ్. ఓవర్ చేస్తున్నానేమో."

ఇలాంటి మాటను నేను లక్షణంగా రాసుకుంటాను, రోగ నిర్ధారణగా తీసుకోను. ఎక్కడ ఆగిపోతోందో కనుక్కోవడమే నాకు ముఖ్యం. ఆడిషన్లన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుని చెప్పమన్నాను. చెప్పేకొద్దీ ఒక వరుస కనిపించింది. ఫోటోలు, పరిచయ వీడియో, ఏకపాత్ర ఉండే మొదటి దశ దాదాపు ప్రతిసారీ దాటింది. ఎదుట ఇంకొకరితో సీన్ చదివించి, దర్శకుడో కాస్టింగ్ డైరెక్టరో "ఇప్పుడు దీన్ని ఇంకోలా చేయండి" అనే రెండో దశలో ఆగిపోయింది. స్టేజికీ అంతే, కెమెరాకీ అంతే.

స్టేజికీ కెమెరాకీ ఒకేలా జరగడంతో ఒక సులభమైన వివరణ పోయింది. "స్టేజి అలవాటు, కెమెరాకు పెద్దదైపోతోంది" అన్నదే కారణమైతే నాటకాల ఆడిషన్లలోనైనా గట్టెక్కాలి. రెండో వివరణ టెన్షన్. టెన్షన్ పడేవాళ్లు సాధారణంగా మొదటి దశలోనే, ఒంటరిగా నిలబడి మాట్లాడాల్సిన చోటే తడబడతారు. ఈమె అక్కడ చక్కగా ఉంది. మూడోది అదృష్టం. ఎత్తు, వయసు, పక్కన నటించేవాళ్లతో పోలిక, బడ్జెట్ లాంటివి పాత్ర ఎవరికన్నది ఎంత తేలుస్తాయో ఈ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. దాన్ని కొట్టిపారేయలేను. కానీ అదృష్టమే కారణమైతే ప్రతిసారీ ఒకే మెట్టు మీద కాలు జారదు.

అందుకని ఒక పరీక్ష పెట్టాను. రెండు పేజీల సీన్, ఇద్దరు అక్కచెల్లెళ్ల మధ్య. ఎదుట చదివే రీడర్‌కి విడిగా చెప్పాను: మొదటిసారి కోపంగా, రెండోసారి నవ్వుతూ, మూడోసారి అసలు పట్టనట్టు చదవమని. ఆమెకు ఏమీ చెప్పలేదు. మూడూ రికార్డు చేసి, తర్వాత రీడర్ గొంతు తీసేసి ఆమె గొంతు ఒక్కటే వినిపించాను. మూడింటిలోనూ ఆమె డైలాగులు ఒకే రాగం, ఒకే విరుపు, ఒకే చోట ఆగడం. ఏది ఏ టేకో ఆమే చెప్పలేకపోయింది.

ఇంకో రెండు సంగతులు వీడియోలో కనిపించాయి. పెద్ద డైలాగ్ అయిపోగానే ఆమె చూపు ఎదుటి మనిషిని వదిలి, అర సెకను పాటు, నేను కూర్చున్న వైపు వస్తోంది. అది తనకు తెలియదు. రెండోది, "ఇది వీడ్కోలు కాదనుకో, బెదిరింపు అనుకో" అన్నప్పుడు ఆమె అడిగిన ప్రశ్న: "ఎలా అనాలో ఒక్కసారి అని చూపిస్తారా మేడమ్?"

దాంతో నా అంచనా ఒక రూపానికి వచ్చింది. రెండు అలవాట్లు కలిసి పనిచేస్తున్నాయి. ఒకటి, ఆమెకు డైలాగ్ అర్థంగా కాక ధ్వనిగా గుర్తుంటుంది. పాట గుర్తున్నట్టు, రాగంతో సహా. రెండోది, ఆమె నటిస్తున్నది ఎదుటి పాత్రతో కాదు, గదిలో పెత్తనం ఉన్న పెద్దమనిషికి. వింగ్‌లో నిలబడిన టీచర్ స్థానంలోకి కాస్టింగ్ డైరెక్టర్ వచ్చాడు, తర్వాత నేను వచ్చాను. ఏకపాత్రలో ఎదుట ఎవరూ ఉండరు కనుక ఈ రెండూ బయటపడవు, పైగా మెరుపులా కనిపిస్తాయి. రెండో మనిషి వచ్చేసరికి బయటపడిపోతాయి.

అంతకుముందు జరిగినవి, నా దగ్గర మొదట్లో జరిగినవి

నా దగ్గరికి రాకముందే ఆమె ఒక కెమెరా నటన వర్క్‌షాప్ చేసింది. అక్కడ వచ్చిన సలహా ఒక్కటే: తగ్గించు. కనుబొమలు తగ్గించు, చేతులు తగ్గించు, గొంతు తగ్గించు. ఆమె బుద్ధిగా అన్నీ తగ్గించింది. ఫలితం నేను చూశాను: అదే రాగం, చిన్న గొంతుతో. మొహం మాత్రం ఖాళీ.

ఈ సలహా వెనక తరచూ చెప్పే ఉదాహరణ కులెషోవ్ ప్రయోగం. సుమారు వందేళ్ల కిందట రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్, ఇవాన్ మొజుఖిన్ అనే నటుడి మొహం ఒకే షాట్ తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక పెట్టి చూపిస్తే, ప్రేక్షకులు ఆ మొహంలో ఒకసారి ఆకలిని, ఒకసారి దుఃఖాన్ని చూశారని చెబుతారు. దాంతో నటుడు ఏమీ చేయకపోతేనే మంచిదనే పాఠం తీస్తారు. ఆ ప్రయోగంలో ఒక ఎడిటర్ ఉన్నాడన్నది మర్చిపోతారు. ఆడిషన్ టేపులో శవపేటిక షాట్ వేసిపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. అక్కడ ఎదుటి మాట ఆ మొహం మీద పడి ఏం చేస్తోందో ఆ మొహమే చూపించాలి. వినని మొహాన్ని ఎంత తగ్గించినా వినని మొహమే.

తర్వాత ఆమె తనంతట తాను పట్టుకున్న దారి, సొంత దుఃఖాన్ని తవ్వుకోవడం. ఒక పాత సంఘటన తలుచుకుని ఏడవడం నేర్చుకుంది. నా దగ్గర కూడా మొదట్లో దాన్ని కొనసాగిస్తానంటే కొన్ని వారాలు చూశాను. కన్నీళ్లు వచ్చేవి, నిజమైనవే. కానీ ప్రతిసారీ అదే వాక్యం దగ్గర, ఎదుటివాళ్లు ఏమన్నా సరే. అంటే రాగంలో కన్నీరు కూడా ఒక స్వరమైపోయింది. పైగా క్లాసు అయ్యాక ఇంటికి వెళ్లలేనంతగా నీరసపడేది. అక్కడితో ఆపించాను.

ఈ పద్ధతి చరిత్ర తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఫ్రెంచ్ మనోవిజ్ఞాని రిబో నుంచి భావ స్మృతి, అంటే పాత అనుభవాన్ని తలుచుకుని ఆ భావాన్ని తెచ్చుకోవడం, అనే ఆలోచన తీసుకున్న రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ, చివరి ఏళ్లలో భౌతిక చర్యల వైపు, అంటే ఈ పాత్ర ఇప్పుడు ఏం చేస్తోంది, ఎవరి నుంచి ఏం రాబట్టాలనుకుంటోంది అనే వైపు మళ్లాడు. 1934లో పారిస్‌లో ఆయన్ని కలిసి వచ్చిన అమెరికన్ నటి స్టెల్లా ఆడ్లర్, న్యూయార్క్‌లోని గ్రూప్ థియేటర్ అనే నాటక బృందంలో, భావ స్మృతిని నమ్మిన దర్శకుడు లీ స్ట్రాస్‌బర్గ్‌తో విభేదించింది ఇందుకే: సొంత జ్ఞాపకం కంటే పాత్ర ఉన్న పరిస్థితి, ఊహ ముఖ్యమని. ఎవరు గెలిచారన్న చర్చ నాకు అక్కర్లేదు. ఈ అమ్మాయి విషయంలో మాత్రం జ్ఞాపకం ఆమెను ఇంకా లోపలికి, ఎదుటి మనిషికి ఇంకా దూరంగా తీసుకెళ్లింది. ఆమె లోపల లోటేమీ లేదు. బయటి నుంచి వచ్చేది లోపలికి చేరడం లేదు.

మూడో ప్రయత్నం మెప్పు ఆపేయడం. "బాగుంది", "బాగాలేదు" రెండూ మానేశాను. దీనికి ఆధారం ఉంది. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే అమెరికన్ మనోవిజ్ఞానులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. రంగుల పెన్నులతో బొమ్మలు వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత ఖాళీ సమయంలో బొమ్మల మీద పెట్టిన సమయం మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు సగం. చెప్పకుండా సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. సర్టిఫికెట్ల అల్మారా ఉన్న మనిషికి ఇది సరిగ్గా సరిపోయే సంగతి అనిపించింది.

కానీ ఇరవై దాటిన మనిషికి మెప్పు ఆపేస్తే జరిగింది వేరు. ఆమె నా మొహం చదవడం మొదలుపెట్టింది. నేను పెన్ను పట్టుకుంటే ఆమెకు టెన్షన్, నేను నీళ్లు తాగితే టెన్షన్. తీర్పు వినిపించకపోయినా తీర్పరి గదిలోనే ఉన్నాడు, ఇంకాస్త పెద్దగా. అమెరికన్ నాటక శిక్షకురాలు వయోలా స్పోలిన్ 1930ల చివర్లో షికాగోలో పిల్లలతో నాటకపు ఆటలు తయారుచేసినప్పటి నుంచీ చెబుతూ వచ్చింది ఇదే. మెప్పు, తెగడ్త రెండూ ఒకే తాడుకి రెండు కొసలని, టీచర్ తాను తీర్పరి కుర్చీలోంచి లేస్తే తప్ప ఆ తాడు తెగదని ఆమె అభిప్రాయం. కుర్చీలో మౌనంగా కూర్చోవడం, కుర్చీలోంచి లేవడం ఒకటి కావు.

పనిచేసిన దారి

మొదట కుర్చీ మార్చాను, నిజంగానే. ఆమె వెనక, ఆమెకు కనపడని చోట కూర్చున్నాను. గెలిచిందా లేదా తేల్చే అధికారం రీడర్‌కి ఇచ్చాను. అక్కచెల్లెళ్ల సీనే మళ్లీ. అక్క దగ్గర ఇంటి తాళాలు ఉన్నాయి, చెల్లెలికి కావాలి. రీడర్ చేతిలో నిజం తాళాలగుత్తి పెట్టి, "నీకు నిజంగా ఇవ్వాలనిపిస్తేనే ఇవ్వు, స్క్రిప్ట్‌లో ఉందని ఇవ్వకు" అన్నాను. మాటలు ఒక్కటి కూడా మార్చకూడదు. సీన్ అయిపోయాక నేను అడిగేది ఒక్కటే: "తాళాలు వచ్చాయా?"

చాలాసార్లు రాలేదు. రానప్పుడు ఆమెకు మొదటిసారి కోపం వచ్చింది, నా మీద కాదు, రీడర్ మీద. ఆ కోపంతో చేసిన టేకులో రాగం విరిగింది. అందంగా విరగలేదు, రెండు డైలాగులు తడబడింది కూడా. కానీ ఆ టేకులో ఆమె చూపు ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. మధ్యలో నేను వెనక నుంచి చిన్న మాటలు అందించేదాన్ని: "ఆమె చేతులు చూడు", "తొందరపడకు, ముందు విను". స్పోలిన్ సైడ్ కోచింగ్ అన్నది ఇదే. ఆట ఆపకుండా దృష్టిని మళ్లించడం. ఆట ఆపి "అలా కాదు, ఇలా" అంటే మళ్లీ తీర్పు మొదలవుతుంది.

దీనికి తోడుగా అమెరికన్ నటనా గురువు శాన్‌ఫర్డ్ మైస్నర్ పునరుక్తి అభ్యాసం కొన్నాళ్లు చేయించాను. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరిలో కనిపించిన సంగతి ఒకరు అంటే, రెండోవాళ్లు అదే మాట తిరిగి అనడం. "నవ్వుతున్నావు." "నవ్వుతున్నాను." మాట అదే అయినప్పుడు మారేదల్లా ఎదుటి మనిషి. ఆమెకు ఇది మొదట్లో చిరాకు. ధ్వని అనుకరణలో ఆమె ఆరితేరింది కదా, అచ్చం అలాగే తిరిగి అనేసేది. అంటే ఈ అభ్యాసం ఆమె బలహీనతకే మేత వేసింది. అందరికీ పనికొచ్చేది ఈమెకు కొంతవరకే పనికొచ్చింది. అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు.

డైలాగులు నేర్చుకునే పద్ధతి మార్చడం దీనికంటే ఎక్కువ ఉపయోగపడింది. బట్టలు మడతపెడుతూనో, గిన్నెలు తుడుస్తూనో, రాగం లేకుండా, వాక్యం చివర్లు లేపకుండా దించకుండా, అచ్చు అక్షరాల్లా నేర్చుకోవాలి. రిహార్సల్‌కి ముందు బయటికి "నటిస్తూ" చదవకూడదు. ఆమెకు ఇది నరకం. ఎప్పుడూ డైలాగ్ మర్చిపోని మనిషి మర్చిపోవడం మొదలుపెట్టింది. రాగమే ఆమెకు జ్ఞాపకం పట్టుకొమ్మ కాబట్టి, అది తీసేస్తే పడిపోయింది. కొత్త పట్టుకొమ్మ ఎదుటివాళ్ల మాట కావాలి: వాళ్లు ఇది అన్నారు కాబట్టి నేను ఇది అంటున్నాను. అది కుదురుకోవడానికి సమయం పట్టింది. మధ్యలో వచ్చిన ఒక ఆడిషన్‌లో పాత పద్ధతికే వెళ్లిపోతానంటే కాదనలేదు. కట్టు సగం కట్టి పరుగుపందేనికి పంపలేం.

మలుపు మాత్రం మేము అనుకోని వైపు నుంచి వచ్చింది. ఎవరో పరిచయస్తుల ద్వారా ఆమెకు ఒక డబ్బింగ్ అవకాశం వచ్చింది. చిన్న పాత్ర. ఒప్పుకోవాలా వద్దా అని అడిగింది. నేను ఆలోచించాను. ధ్వనిని అనుకరించే అలవాటు వదిలించుకుంటున్న మనిషిని, ధ్వనిని అనుకరించడమే పనైన చోటికి పంపాలా? వద్దనడానికి అది గట్టి కారణమే. ఒప్పుకోమనడానికి ఇంకో కారణం ఉంది. పనిలో ఆమెకు మొదటి జీతం అది. నటనతో సంపాదించిన తొలి డబ్బు మనిషి నడకను మారుస్తుంది. పైగా డబ్బింగ్‌లో సౌండ్ ఇంజినీర్ అద్దం వెనక ఉంటాడు, "లిప్ దాటింది" (తెర మీది పెదాల కదలికకు మాట కుదరలేదు), "ముందే మొదలైంది" అని మాత్రమే అంటాడు. అది తీర్పు కాదు, కొలత. వెళ్లమన్నాను.

వచ్చాక ఆమె చెప్పిన సంగతి ఈ కేసులో అన్నిటికంటే విలువైనది. తెర మీద నటి పెదాలు కదలకముందే ఊపిరి తీసుకుంటోందట. ఆ ఊపిరి తన డైలాగ్‌కి ముందు కాదు, ఎదుటి మనిషి డైలాగ్ మధ్యలో, ఏదో ఒక మాట దగ్గర. ఆ ఊపిరి దొరికితే లిప్ దానంతటదే కుదురుతోంది, దొరకకపోతే ఎన్ని టేకులైనా కుదరడం లేదు. "ఆవిడ అక్కడ విన్నది మేడమ్. నేను ఎక్కడ వింటున్నానో నాకే తెలియదు," అంది.

ఎంతో కాలంగా నేను చెప్పించాలనుకున్న మాట ఇది. చెవి ఆమె బలహీనత అనుకున్నాం. ఆ చెవిని అణచడం మానేసి, అదేం వింటోందో మార్చాం. అప్పటి నుంచి ఏ సీన్ తీసుకున్నా మొదటి పని, ఎదుటివాళ్ల డైలాగులో తన పాత్రకు ఊపిరి ఆడే మాట, ఊపిరి ఆగే మాట వెతకడం. గుర్తుపెట్టి కట్టేయకుండా, రీడర్ చదువుతున్నప్పుడు ఈసారి ఎక్కడ పడిందో గమనించడం. రీడర్ మారితే ఆ మాట మారాలి. మారుతోంది కూడా.

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్వికం (మనసులోంచి వచ్చేది) అని నాలుగుగా చెప్పి, సత్త్వం మనసు సమాహితమైనప్పుడు, అంటే ఏకాగ్రమైనప్పుడు, పుడుతుందంటుంది. స్వరభేదం (గొంతు మారడం), వైవర్ణ్యం (మొహం రంగు మారడం), కన్నీరు లాంటివి కావాలంటే రావు, మనసు ఒకచోట నిలిస్తే వస్తాయి. ఆమె వాచికం మొదటి నుంచీ పుష్కలం. ఎదుటివాళ్ల ఊపిరి మీద మనసు నిలిచాక, ఎవరూ అడగకుండానే ఆ సీన్‌లో ఒక చోట గొంతు బొంగురుపోయింది. తర్వాత టేకులో పోలేదు. పోకపోయినందుకు నేను సంతోషించాను.

ఆడిషన్ గదికి సిద్ధం చేయడం

ఈ భాగం త్వరగా ముగిస్తాను, ఎక్కువ భాగం అందరికీ తెలిసిందే. "ఇంకోలా చేయండి" అన్నప్పుడు వాళ్లు చూసేది రెండో రకం బాగుందా అని కాదు, సెట్‌లో ఈ మనిషికి ఏదైనా చెబితే చేరుతుందా అని. అందుకే "ఎలా అనాలి?" అన్న ప్రశ్న ఆమెకు నష్టం చేసింది. దాని బదులు తనలో తాను "ఎదుటి మనిషి నుంచి ఇప్పుడు నాకేం కావాలి?" అని మార్చుకోవడం నేర్పాం. వీడ్కోలుని బెదిరింపు చేయమంటే గొంతు మార్చక్కర్లేదు, కావలసినది మార్చాలి. ఇంట్లోంచి పంపే సెల్ఫ్ టేపుల్లో రెండు వెర్షన్లు అడిగితే, రెండూ రాగంలో కాక కోరికలో తేడాగా ఉండాలి. రీడర్‌ని కెమెరా లెన్స్ పక్కనే నిలబెట్టాలి, రీడర్ గొంతు ఆమె గొంతును మింగకూడదు, వెనక గోడ సాదాగా ఉండాలి.

ఆడిషన్ అయ్యాక ఆమె రాసుకునే నోట్‌బుక్ కూడా మార్చాం. ముందు "ఎలా చేశాను, వాళ్లేమనుకున్నారు" అని పేజీలు నింపేది. ఇప్పుడు రాసేది ఒక్క సంగతే: ఎదుటివాళ్లు చేసిన దాంట్లో నేను ఊహించనిది ఏమిటి. ఏమీ రాయలేని రోజు ఆమె వినలేదని అర్థం. ఫలితం వచ్చినా రాకపోయినా ఆ కొలత తన చేతిలోనే ఉంటుంది.

ఇప్పుడు ఎక్కడుంది

డబ్బింగ్ తర్వాత ఊళ్లు తిరిగి ప్రదర్శించే ఒక నాటకంలో చిన్న పాత్ర వచ్చింది, ఆ తర్వాత ఒక సిరీస్‌లో సహాయ పాత్ర. పేరు తెరమీద వేగంగా వెళ్లిపోయే వరుసలోనే ఉంది. సంపాదనలో ఎక్కువ భాగం ఇప్పటికీ గొంతు పనినుంచే, మిగతాది పిల్లలకు వారాంతపు క్లాసుల నుంచి. దీన్ని విజయం అనొచ్చా అని అడిగేవాళ్లకు నా సమాధానం: నటనతోనే అద్దె కడుతోంది. ఈ వృత్తిలో అది చిన్న మాట కాదు.

పాత అలవాటు పోలేదు. షూటింగ్‌లో లైట్ పోతోంది, అందరూ తొందరపడుతున్నారు అంటే రాగం తిరిగి వచ్చేస్తుంది. అలాంటప్పుడు ఊపిరి దగ్గరికి వెళ్లడం ఆమెకు ఇప్పుడు తెలుసు. విచిత్రం ఏమిటంటే అదే అలవాటు సెట్‌లో ఆమెకు పేరు తెచ్చింది. కంటిన్యూయిటీ కోసం, అంటే వేర్వేరు షాట్లు అతికినప్పుడు తేడా కనపడకుండా, ఏ మాట దగ్గర గ్లాసు ఎత్తిందో, ఏ మాట దగ్గర తల తిప్పిందో ప్రతి టేకులోనూ, ప్రతి యాంగిల్‌లోనూ అదే చోట చేయాలి. చేతులు, కదలికలు అచ్చు గుద్దినట్టు రావాలి, వినడం మాత్రం ప్రతిసారీ కొత్తగా జరగాలి. చాలామందికి ఈ రెండూ కలిసి రావు. చిన్నప్పటి డ్రిల్లు ఆమెకు మొదటిది ఉచితంగా ఇచ్చింది.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

పిల్లల కార్యక్రమాల నుంచి వచ్చినవాళ్లను "ఓవర్ యాక్టింగ్" అనే ఒక్క గాటన కట్టడం మానేశాను. ఎక్కువ చేయడం, వినకపోవడం వేర్వేరు. పైకి ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం వేరు. రీడర్ గొంతు తీసేసి వినే పరీక్ష ఇప్పుడు అందరికీ మొదట్లోనే పెడుతున్నాను. ఎక్కువ చేసే మనిషి గొంతు మూడు టేకుల్లో మూడు రకాలుగా ఎక్కువ అవుతుంది. వినని మనిషి గొంతు మారదు.

పిల్లలకు నేర్పేవాళ్లు అడిగితే ప్రదర్శనలు మానేయమని చెప్పను. డైలాగ్ అని వినిపించడాన్ని చివరి వారాల దాకా వాయిదా వేయమంటాను. అంతకుముందు పిల్లలు పాత్రలు మార్చుకుని చేయాలి, అప్పుడు ఏ రాగమూ ఒకరిదిగా గట్టిపడదు. ప్రదర్శన రోజు వింగ్‌లో పెదాలు కదపకుండా ఉండటం అన్నిటికంటే కష్టమైన సలహా అని తెలుసు. కనీసం రిహార్సల్స్‌లోనైనా టీచర్ పిల్లల చూపు అందని చోట కూర్చోవచ్చు.

ఇదంతా ఒక్క మనిషి కేసు. ఇంకొకరికి భావ స్మృతి పనిచేయొచ్చు, ఇంకొకరికి డబ్బింగ్ నిజంగానే చెరుపు చేయొచ్చు. ధ్వనిగా కాక బొమ్మగా డైలాగ్ గుర్తుంచుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఈ ఊపిరి వెతుకులాట అసలు అంటకపోవచ్చు.

ఆమెతో తేలని విషయం ఒకటి మిగిలింది, కామెడీ. హాస్యం డైలాగులను ఆమె ఇప్పటికీ రాగం కట్టుకునే చేస్తుంది, అవి పేలుతున్నాయి. నవ్వు సరిగ్గా ఏ అక్షరం మీద పడాలో ఆమె చెవికి తెలుసు. దాన్ని కదిపితే పేలుడు పోతుందేమోనని ఆమె భయం, కదపకపోతే ఎదుటి హాస్య నటుడు లయ మార్చిన రోజు చిక్కుకుపోతుందని నా భయం. ఇప్పుడు ఒక హాస్య పాత్రకు రిహార్సల్స్ జరుగుతున్నాయి. ఎదుట ఉన్నది ప్రతి ప్రదర్శనలోనూ టైమింగ్ మార్చే నటుడు. రికార్డింగులు తెచ్చి వినిపించమన్నాను, అతని గొంతు తీసేసి ఒకటి, ఉంచి ఒకటి.